పుర్రచేతి ముడి

మా మేనమామను పనిలో అందరూ పుర్రచెయ్యి అంటారు. శ్లాబులకు ఇనుప కంబీలు కట్టడం ఆయన పని. ఎడమచేత్తో కడతాడు కాబట్టి ఆయన వేసే తీగముడి మిగతావాళ్ళ ముళ్ళకు ఎదురు తిరిగి ఉంటుంది. ఆ ముడే ఆయన్ని పట్టిచ్చింది.

నిరుడు ఒక బడి వరండాలో పైకప్పు పెచ్చు ఊడిపడి ఒక పిల్ల తల పగిలింది. బతికింది. మరమ్మతుకు మామనూ, ఆయన దగ్గరే పనిచేసే నన్నూ పిలిచారు. మామ నిచ్చెనెక్కి చూసి, దిగి, గోడకు చేరగిలబడ్డాడు. తుప్పుపట్టి ఉబ్బిన కంబీల మీద ముళ్ళన్నీ ఎదురు తిరిగి ఉన్నాయి. ముప్పై ఏళ్ళ కింద తను కట్టినవే. పోతపోసే ముందు కంబీ కింద చిన్న సిమెంటు బిళ్ళలు పెట్టి ఎత్తాలి. అప్పుడే కాంక్రీటు దాన్ని చుట్టూ పట్టుకుంటుంది, తేమ తగలదు. ఆ రోజు మేస్త్రీ తొందరపెడితే మామ పెట్టకుండా వదిలేశాడు. వదిలేసినా అప్పటికప్పుడు ఏమీ కాదు. అందుకే అందరూ వదిలేస్తారు.

ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు. తను ఆ పాడుపని చేసేనాటికి దాని తల్లే ఉయ్యాల్లో ఉండుంటుందని మామ లెక్కేశాడు. అప్పట్నుంచి ఇంట్లో కోడిగుడ్ల అట్టల్లో సిమెంటు పోసి బిళ్ళలు తనే చేసుకునేవాడు. కోడి లేని కొంపలో మొగుడే గుడ్లు పెడుతున్నాడని అత్త వీధంతా చెప్పుకుని నవ్వింది. వాళ్ళకు పిల్లల్లేరు.

ఈ ఏడు ఒక ఆసుపత్రిలో పురిటి వార్డు శ్లాబు పని దొరికింది. కంబీ కట్టేశాం. రెండు బస్తాల బిళ్ళలు పైకి చేర్చాం. పెట్టడానికి పూట పడుతుంది. ఈలోగా చెప్పిన వేళకంటే ముందే కాంక్రీటు లారీ వచ్చేసింది. గట్టిపడిపోతుంది, పోసేయమన్నాడు సూపర్‌వైజర్. మామ కంబీల మధ్య చతికిలబడ్డాడు.

"నీకా పిల్లాజెల్లా లేరు. ఎవరి కోసమయ్యా ఈ గోల?"

"ఊడేది నీ నెత్తినా కాదు, నా నెత్తినా కాదు. ఎవడి నెత్తినో తెలీదనేగా నీకింత ధైర్యం."

నాకు మామ మీదే ఒళ్ళు మండింది. ఇద్దరి పనీ ఊడుతుంది. భావితరాలు అన్న మాట నేను పుస్తకాల్లో చాలాసార్లు చదివాను. చదివినప్పుడల్లా గుండె నిండేది. ఆ మాట కోసం మోకాళ్ళు గీరుకోవాలని ఏ పుస్తకమూ చెప్పలేదు.

సూపర్‌వైజర్ తూర్పు మూల నుంచి పోత మొదలెట్టించాడు. మామ లేచి గడ్డపారతో కంబీ ఎత్తి బిళ్ళ తోశాడు. ఒక చేత్తో ఎత్తడం, ఒక చేత్తో తోయడం. కాంక్రీటు వెనకే తరుముకొస్తోంది. చుట్టూ పదిమంది. అందరూ పిల్లల తండ్రులే, ఒక్కడూ వంగలేదు. ఒకడైతే, పుర్రచెయ్యి గుడ్లు పొదుగుతున్నాడన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినందుకే అనుకుంటా, గడ్డపార లాక్కున్నాను. ఇద్దరం పాకుతూ మిగతా శ్లాబంతా పెట్టాం. తూర్పు మూల నాలుగు మంచాలంత మేర మాత్రం అలాగే మునిగిపోయింది.

సాయంత్రం మమ్మల్ని మళ్ళీ రావొద్దన్నారు. సంజాయిషీ అడిగినవాడు లేడు. ఆ మూల సంగతి చెప్పడానికి మామ పెద్ద ఇంజనీరు దగ్గరికి రెండుసార్లు పోయాడు. పైకి పగులు కనపడుతోందా అని అడిగాడాయన. లేదంటే పొమ్మన్నాడు.

వార్డు తెరిచారని తెలిసి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. సున్నం వాసన ఇంకా పోలేదు. తూర్పు మూల నాలుగు ఇనప మంచాలు, పక్కన ఉయ్యాలలు. ఇంకా ఎవరూ చేరలేదు. ఇక్కడ మంచాలు వెయ్యొద్దని నర్సుకు చెప్పాడు. ఎందుకో కూడా చెప్పాడు. తనది పుర్రచెయ్యి అన్న సంగతి దగ్గర్నుంచి అంతా చెప్పాడు.

ఆమె ఓపిగ్గానే విన్నది. "ముప్పై ఏళ్ళకా? అప్పటికి నేనుంటానా పెద్దాయనా?" అని నవ్వింది.

"నువ్వుండవమ్మా. నేనూ ఉండను. మంచం ఉంటుంది."

నాలుగు మంచాలూ, ఉయ్యాలలూ తనే ఈడ్చి అవతలి గోడకు చేర్చాడు. ఆమె అడ్డం రాలేదు. మేం మెట్లు దిగుతుంటే, ఇనప కాళ్ళు నేల మీద రాసుకుంటూ మళ్ళీ మూలకు పోతున్న చప్పుడు వినిపించింది.

మామ వెనక్కి తిరిగి మెట్లెక్కాడు.