ఈ కోపం థైరాయిడ్‌దా, నాదా?

ఆ ఎండాకాలం నేను ఒక్కచోట కుదురుగా కూర్చోలేదు. తాండూరులో మా ఇంటి ముందు గదిలోనే నా కుట్టుమిషన్ ఉంటుంది. మిషన్ మీద కూర్చుంటే పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టనిపించి లేచేదాన్ని. వెళ్లి చూస్తే పొయ్యి ఆర్పే ఉండేది. మళ్లీ వచ్చి సూదిలోకి దారం ఎక్కించబోతే చెయ్యి వణికేది. కడుపునిండా తింటున్నా నా జాకెట్లు నాకే వదులయ్యాయి. ఊరివాళ్లవి కుట్టి ఇస్తూ, మధ్యలో నావి బిగించుకునేదాన్ని.

వీటన్నింటికంటే నన్ను పీక్కుతిన్నది నా కోపం. చెంచా కింద పడితే కోపం. ఫ్యాన్ తిరుగుతున్నా చెమటలు, దానికీ కోపం. ఆరో తరగతి చదివే మా బిడ్డ ఒకరోజు దువ్వెన పట్టుకుని పక్కింట్లో ఉండే మా ఆడబిడ్డ దగ్గరికి పోయింది. ఆనాటి నుంచి దాని జడ అక్కడే. పిలిస్తే వచ్చేది కానీ, గడప దాటే ముందు నా ముఖం చూసేది. ఆ చూపుకు ఏడుపొచ్చేది, ఏడుపొచ్చినందుకు మళ్లీ కోపమొచ్చేది.

గుండె దడ అంటే ఇక్కడి డాక్టరు రక్తపరీక్ష రాశాడు. రిపోర్టు వచ్చేసరికి ఆయన ఊళ్లో లేడు. ఆగే ఓపిక నాకెక్కడిది? నేరుగా మా ఆడబిడ్డ దగ్గరికే పోయాను. నేను ఆమెను వదినా అంటాను. వదినకు చాన్నాళ్లుగా థైరాయిడ్, రోజూ పరగడుపున గోలీ వేసుకుంటుంది. రిపోర్టులో టీఎస్‌హెచ్ అన్నచోట బాణం గుర్తు కిందికి ఉంది.

"తక్కువుంది చూడు. నాకు గూడ థైరాయిడ్ తక్కువ పనిచేస్తదనే చెప్పిండ్రు," అంది వదిన. "గింత దానికి పరేషాన్ ఎందుకు? నా డబ్బలకెల్లి గోలీలు తీస్కపో."

మా రెండిళ్ల మధ్య నడుమెత్తు నాపరాళ్ల గోడ ఉంది. కూరగిన్నెలు, చింతపండు, జ్వరం గోలీలు అన్నీ ఆ గోడ మీదుగానే వస్తాయి, పోతాయి. ఈ గోలీలూ అలాగే వచ్చాయి. ఆమె ప్రేమగా ఇచ్చింది, నేను నమ్మి వేసుకున్నాను.

దడ తగ్గకపోగా పెరిగింది. ఒకనాడు బిడ్డ ఒంటిపూట బడి నుంచి వచ్చి నీళ్ల సీసా మూత పోయిందని చెప్పింది. చేతిలో ఉన్న కత్తెర నేలకేసి కొట్టాను. బిడ్డకు తగల్లేదు. తగిలి ఉంటే? ఆ ప్రశ్నే మర్నాడు నన్ను వికారాబాద్ రైలెక్కించింది. బిడ్డను కూడా తీసుకుపోయాను. కిటికీ పక్కన కూర్చుని, తన సంచీ మా ఇద్దరి మధ్య పెట్టుకుంది.

అక్కడి ఆసుపత్రిలో డాక్టరమ్మ నా చేతులు చాపించి వేళ్ల మీద కాగితం పెట్టింది. అది రెపరెపలాడింది. నీళ్లు గుటక వేయమని గొంతు తడిమింది. గుటకతో పాటు పైకీ కిందికీ కదిలే ఆ ఉబ్బే థైరాయిడ్ అంది. ఏమైనా గోలీలు వేసుకుంటున్నావా అని అడిగితే వదిన సంగతి చెప్పాను. ఆమె కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"టీఎస్‌హెచ్ థైరాయిడ్ తయారుచేసేది కాదమ్మా. మెదడు కింద ఇంకో చిన్న గ్రంథి ఉంటది, అది పంపే హుకుం. థైరాయిడ్ మందగిస్తే హుకుం పెరుగుతది. మితిమీరి పనిచేస్తే హుకుం తగ్గుతది. మీ బిడ్డ చదువకుంటె అరుస్తరు, చదువుతుంటె ఊకుంటరు కద? గట్లనే."

"చదువుతున్నా అరుస్తది," అంది బిడ్డ, నేల చూస్తూ.

డాక్టరమ్మ నవ్వలేదు. "గా అరుపుల శానామటుకు మీ అమ్మది కాదు, గొంతుల గ్రంథిది," అని దానితో చెప్పింది. వదినలో లోటును పూడ్చే గోలీ, నాలో అప్పటికే పొంగుతున్నదానికి తోడైందట. వెంటనే అది ఆపించి, దడ తగ్గడానికి వేరే గోలీ ఇచ్చింది. థైరాయిడ్ తయారుచేసే టీ3, టీ4 ఎంతున్నాయో చూసే పరీక్షలతో పాటు, మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌ను రెచ్చగొడుతోందా అని చూసే పరీక్ష కూడా రాసింది. ఆ రిపోర్టులు వచ్చాక అసలు మందు మొదలైంది.

ఆ సంగతి తెలిసి వదిన గోడ దగ్గరికి రావడం మానేసింది. నేనే కూరగిన్నె పట్టుకుని పోయాను.

మందు పట్టడానికి వారాలు పట్టింది. మళ్లీ మళ్లీ రక్తం ఇచ్చాను. చెయ్యి నిలిచింది, జాకెట్లు సరిపోయాయి. బిడ్డ జడ మాత్రం వదిన దగ్గరే.

ఒకరోజు అది గిరాకీవాళ్లు కుట్టమని ఇచ్చిన పట్టుగుడ్డ కత్తిరించి బొమ్మకు చీర కట్టింది. గట్టిగానే అరిచాను. అది గడప మీద ఆగి నన్ను చూసింది.

"అమ్మా, పొద్దుగాల గోలీ ఏసుకున్నవా?"

నేను చెయ్యి చాపి చూసుకున్నాను. వణకలేదు.

"ఏసుకున్న. గీ కోపం నాదే."

అది నా చేతి వైపు కాసేపు చూసింది. తర్వాత దువ్వెన తెచ్చి నా ముందు కూర్చుంది.