అమ్మ సంగటి పెట్టని పూట

మొన్న డాక్టరమ్మ నన్ను తూకం మీద నిలబెట్టి, వయసు మళ్లిన ఆడవాళ్లకు కూడా అన్నం ముట్టనివ్వని జబ్బొకటి ఉంటుందని, అది మనసుకు పట్టే జబ్బని, ఏదో కొత్త సంగతి చెప్పినట్టు చెప్పింది. నాకు నవ్వొచ్చింది. మద్రాసు దొరతనం నాడే, మా ఊరింకా కర్నూలు జిల్లా కింద ఉన్న కాలంలోనే, ఆ జబ్బును మా ఇంట్లో చూశాను. కాకపోతే అప్పట్లో దాని పేరు పుణ్యం.

మాది రాచర్ల దగ్గర పల్లె. మా జేజి, అంటే నాయన తల్లి, ఏదో కరువులో తన ముద్ద పిల్లలకు పెట్టి, తాను నీళ్లు తాగి పడుకునేదట. తర్వాత వానలు కురిసి గాదె నిండా జొన్నలున్నా ఆమె నోరు మాత్రం తెరుచుకోలేదు. సోమవారమనీ, శనివారమనీ, ఏకాదశనీ ఒక్కపొద్దులు; మిగిలిన రోజుల్లో అందరి తర్వాత తింటానని చెప్పి, కంచానికి కాస్త సంగటి పూసి కడిగేసేది. ఎముకల గూడైపోయిన ఆ మనిషిని మహాతల్లి అంటూ ఊరి ఆడవాళ్లు కాళ్లకు మొక్కేవాళ్లు. ఆ మొక్కులు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాకప్పుడు ఏడేళ్లు. జేజి తన ముద్దను మేకపిల్లకు తినిపిస్తుంటే చూసి, పోయి అమ్మకు చెప్పేశాను. అమ్మ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. ఆ మధ్యాహ్నం నాయనా, ఆయన తమ్ముడు చిన్నాయనా చేలోంచి వచ్చి కంచాల ముందు కూర్చుంటే, సంగటి కుండ మీద తెడ్డు అడ్డం పెట్టి, అత్త తినేదాకా ఈ ఇంట్లో ఎవరికీ ముద్ద పడదని చెప్పింది.

“ఇదేంది వదినా, మగోళ్లం పస్తుండాల్నా?” అన్నాడు చిన్నాయన.

“ఇన్నేండ్లు మీయమ్మ పస్తుంటే కనపడలేదే! నీ ఒక్క పూట కనపడిందా?”

జేజి తిన్నానంది, కడుపు మూసుకుపోయిందంది, ఏడ్చింది, శాపనార్థాలు పెట్టింది. అమ్మ కదల్లేదు. పొద్దు వాలాక జేజి నాలుగు ముద్దలు మింగి, మూడు కక్కుకుంది. అమ్మ అది ఎత్తి పోసి, మర్నాడు మళ్లీ తెడ్డు అడ్డం పెట్టింది. అలా ఎన్నాళ్లో. అత్త వ్రతాలు చెడగొట్టిన గయ్యాళి అని ఊరంతా ఆడిపోసుకుంది. ఆడిపోసుకోనీ! మా జేజి నా పెళ్లి దాకా బతికి, మొదటి బంతిలో మగవాళ్ల సరసన కూర్చుని తిన్నది.

నా ఈడు వాళ్లకు తెలుసు, ఇప్పుడు ఆడవాళ్లు ఆఖర్న తినాలన్న నియమం పోయింది, సంతోషమే. కానీ ముసలామె తిన్నానంటే నమ్మి ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోతున్నారు; నమ్మకుండా, తమ కూడు మానుకుని ఎదురుగా కూర్చునే మొండివాళ్లు అమ్మతోనే పోయారు. అందుకే ముద్ద సయించని పూట కూడా, నాతో నేనే పోట్లాడుకుంటూ, కంచం ముందేసుకుని కూర్చుంటున్నాను.