మేడం పడవెక్కింది

ముందే చెప్తున్నా, టీ గొంతుకి అడ్డం పడితే నా పూచీ లేదు. మొన్న శుక్రవారం మా బడికి ఇన్‌స్పెక్షన్‌కొచ్చిన ఎంఈవో గారిని నేను "లేవకండి, పడవ ఒరుగుతుంది!" అని గదమాయించాను. బళ్లో పడవేంటంటారా? అదే కదా నా ఖర్మ!

మీకు తెలుసుగా, యాప్రాల్ నుంచి రెండు బస్సులు మారి శామీర్‌పేట చెరువు దాకా పోతాను. మూడో క్లాసు నాది. ఎక్కువమంది చేపలు పట్టేవాళ్ల పిల్లలు. బోర్డు మీద ఏది రాసినా ముత్యాల్లా దించేస్తారు. "మీ సొంతంగా ఒక్క ముక్క రాయండర్రా" అంటే మాత్రం పెన్సిల్ కదలదు. ఆఫీసు రూములో బీరువా నిండా బొమ్మల పుస్తకాలున్నాయి, కొత్త వాసన పోకుండా! హెడ్మాస్టర్ నర్సింలు సారుని అడిగితే ఒకటే మాట.

"పోరగాండ్లు చింపుతరు మేడం. రేపు స్టాకు చూపియ్యమంటే నేనేం జెయ్యాలె?"

బతిమాలగా బతిమాలగా ఒకటి తీసిచ్చారు. "శుక్రారం ఎంఈవో సారొస్తుండు. ఆయన ముందట పిల్లలు సొంతంగ రాస్తే బీరువా తెరుస్త. లేకుంటే ఇగ అడగొద్దు."

ఆ పుస్తకంలో మాటలే లేవు. వెన్నెల, చెరువు, పడవ, పడవలో ఓ పిల్లి. అంతే! నాకు ప్రాణం లేచొచ్చింది. ఆఫీసర్ గారు మధ్యాహ్నం వస్తారని తెలిసి, భోజనాలవగానే పిల్లల్ని చాపల మీద కూచోబెట్టి పుస్తకం చూపించాను.

"అందరూ కళ్లు మూసుకోండి. మెల్లగా ఆ పడవెక్కండి. ఎవరైనా ఇంకా బొమ్మలోనే ఉంటే వాళ్లని కదపొద్దు, చప్పుడు చెయ్యొద్దు. తిరిగొచ్చాక చూసింది చూసినట్టు రాయండి. సరేనా?"

నేనూ కుర్చీలో కూచుని కళ్లు మూసుకున్నాను, పిల్లలకి చూపించడానికే సుమా! ఈ ఏడే బళ్లో వండి పెట్టడం మొదలెట్టారు కదా, వేడి వేడి సాంబారన్నం వద్దంటున్నా వడ్డించారు. కిటికీలోంచి చెరువు గాలి. ఎక్కడో గేదె మెడలో గంట. ఆ గాలికి పడవ నిజంగానే కదిలిందండీ! పిల్లి కాస్త జరిగింది, నేను పక్కన కూచున్నాను. నీళ్లలో చెయ్యి పెడితే వెన్నెల వేళ్ల మధ్య నుంచి జారిపోతోంది. బస్సుల్లేవు, ఇంట్లో నానబెట్టిన మినప్పప్పు లేదు. అబ్బ, ఎంత హాయిగా ఉందో! ఇప్పటికీ తల్చుకుంటే మళ్లీ పోవాలనిపిస్తుంది.

ఇంతలో పిల్లి లేచి నిలబడింది. పడవ ఊగింది. "లేవకండి, పడవ ఒరుగుతుంది!" అని అరిచి కళ్లు తెరిచాను.

ఎదురుగా ఎంఈవో గారు! చాప మీంచి లేవబోతున్న మనిషి, నా అరుపుకి ఠక్కున కూచుండిపోయారు. గుమ్మంలో నర్సింలు సారు తల పట్టుకుని నిలబడ్డారు. ఉద్యోగం సంగతి దేవుడెరుగు, బీరువాకి శాశ్వతంగా తాళం పడిపోయిందని ఏడుపొచ్చేసింది.

"సార్... అది... యాక్టివిటీ సార్..."

"నాకెర్కనే అమ్మా. గీమె చెప్పింది" అంటూ ఆయన మౌనికని చూపించారు. ముందు వరసలో కూచునే పిల్ల. ఆయన లోపలికి రాగానే నోటి మీద వేలుపెట్టి, "సార్, సప్పుడు జేయకుండ్రి. మా మేడం ఇంక బొమ్మలనే ఉన్నది" అందట! "ఎప్పుడొస్తది?" అంటే, "జెప్పి పోలే సార్. మీరు గూడ కూసోండ్రి" అందట. పాపం, ఆ పెద్దమనిషి బూట్లు విప్పి కూచున్నారు.

అంతసేపూ పిల్లలేం చేశారో తెలుసా? రాశారు. అందరూ! చూసింది చూసినట్టు రాయమన్నది నేనే కదా. ఎంఈవో గారు ఒక్కో కాగితం తీసి గట్టిగా చదవడం మొదలెట్టారు.

"మేడం పడవ ఎక్కింది. మేడం నోరు తెరిసింది. చేపలు లోపటికి తొంగి చూసినయి."

"మేడం పడవకు ఇంజను ఉన్నది. గుర్ గుర్ అంటున్నది. ఆగి ఆగి అంటున్నది. ఇంజను ఖరాబ్ అయినట్టున్నది."

మౌనిక కాగితం మీద, "మేడం నవ్వుతున్నది. బళ్లె గింత మంచిగ ఎన్నడు నవ్వలేదు. జల్దీ రావద్దు" అని ఉంది. అది విన్నప్పుడు మాత్రం నిజంగా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సిగ్గుతో అనుకుంటున్నారేమో, కాదు.

ఎంఈవో గారు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. "నర్సింలూ, బోర్డు మీద లేంది రాసిండ్రయ్యా పిల్లలు! బీరువా తాళం తియ్యి."

తీశారు! పుస్తకాలన్నీ బయటికొచ్చాయి. పిల్లలు తలో మూల బోర్లా పడుకుని పేజీలు తిప్పుతుంటే చూడాలి.

సోమవారం క్లాసుకెళ్తే నా మడత కుర్చీ కనబడలేదు. నర్సింలు సారు దాన్ని ఖాళీ అయిన బీరువాలో పెట్టి తాళం వేసేశారు.

"పుస్తకాలు పిల్లల తానే ఉండనీ మేడం" అన్నారు తాళంచెవి జేబులో వేసుకుంటూ. "కుర్చీ మాత్రం మీకు ఇంటికి పోయేటప్పుడిస్త."