పసుపు పెట్టిన గౌన్లు

మొన్న ఒకమ్మాయి ఫోన్ చేసి, నాకు అరవై నిండాయి గనుక మూలకణాల దాతల జాబితాలోంచి నా పేరు తీసేస్తున్నామని మర్యాదగా చెప్పింది. ఉక్కు కర్మాగారం కూడా ఆ నెలలోనే ఇంటికి పంపింది కాబట్టి, ఇక నేను ఎవరి జాబితాలోనూ లేనన్నమాట. ఆ పాప ఎలా ఉందమ్మా అని అడిగితే, ఆ వివరాలు తమ దగ్గర ఉండవంది.

పన్నెండేళ్ల కిందట మా క్యాంటీన్‌లో శిబిరం పెట్టి, బుగ్గ లోపల దూదిపుల్ల రాసి తీసుకెళ్లినవాళ్లు, ఏడాది తిరక్కుండానే కబురు పెట్టారు. తలసేమియాతో పుట్టి, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకుని బతుకుతున్న ఐదేళ్ల పాపకు, సొంతవాళ్లెవరివీ కుదరక, ఏ చుట్టరికమూ లేని నా మూలకణాలు సరిపోయాయట. షిఫ్టులో నాతో పనిచేసే ఒకాయన "ఎన్నుపూస లాగేత్తారంట బావా, మంచం పట్టేత్తావ్" అని బెదిరించాడు గానీ, ఐదు రోజులు సూదులు, చివర కొన్ని గంటలు రక్తాన్ని మిషన్‌లో వడగట్టి తిరిగి ఎక్కించడం, అంతే.

నియమం ప్రకారం ఒకరి పేరు ఒకరికి చెప్పరు. పిల్లలు లేని మా ఆవిడకు, ఆడపిల్ల, ఐదేళ్లు అన్న రెండు ముక్కలే చాలాయి. "పేరు తెలీకపోతే ఏటి, ఆ పిల్ల ఒంట్లో ఉన్నది మీ రగతమే కదా" అంటూ దసరాకు ఎర్రగౌను కొని, కొత్తబట్టకు చేసే ఆనవాయితీ ప్రకారం అంచున పసుపు పెట్టి, ఆ ఆఫీసుకు పంపింది. జేబులో మా క్వార్టరు నంబరు రాసిన చీటీ దాచిందని నాకు తెలియదు. ఆఫీసువాళ్లు ఆ చీటీ చూసి పొట్లం తిప్పి పంపేశారు. ఏడాది దాటాక ఇరువైపులా ఒప్పుకుంటే కలవొచ్చంటే మేం సంతకం పెట్టాం, అటునుంచి రాలేదు. చీటీ సంగతి తెలిసి భయపడ్డారేమోనని ఆవిడ తనను తానే తిట్టుకునేది. పాపే దక్కలేదేమోనన్న నా భయం మాత్రం నేనెప్పుడూ పైకి అనలేదు. అయినా ఆవిడ ఏటా ఒక సైజు పెంచి గౌను కొంటూనే ఉండి, మూడేళ్ల కిందట తనే కన్నుమూసింది. ఆ తర్వాత నేను కొనలేదు.

క్వార్టరు ఖాళీ చేసి మధురవాడ అపార్ట్‌మెంటుకు వచ్చాక ఆ గౌన్ల పెట్టె మంచం కిందకు చేరింది. ఫోన్ వచ్చిన మర్నాడు బట్టల కొట్టుకు వెళ్లాను. ఎవరికండీ అంటే మా అమ్మాయికన్నాను, వయసు అడిగితే తడుముకోకుండా పదిహేడన్నాను. లంగా, ఓణీ ఇచ్చాడు. తీరా చూస్తే వంటింట్లో పసుపు లేదు. ఉక్కునగరంలో అయితే గోడ మీంచి అడిగితే చేతిలో పెట్టేవారు, ఇక్కడ ఎదురు తలుపులో ఉండేదెవరో కూడా తెలియదు. చిటికెడు పసుపుకోసం ఫోన్‌లో పొట్లం తెప్పించుకున్నాను.

అంచున పసుపు పెట్టి, ఓణీని గౌన్ల మీద సర్దాను. ఆ పిల్ల ఉందని ఎవరూ చెప్పలేదు. లేదనీ చెప్పలేదు కదా.