అమ్మ ఆగిన జాగ

బౌరంపేట్‌ల మా అపార్ట్‌మెంట్ జనరేటర్ నడిస్తే లిఫ్ట్ దాకా డీజిల్ వాసనొస్తది. ఆ వాసనకు నాకు విశాఖపట్నం యాదికొస్తది.

అప్పుడు నేను చిన్నపిల్లను. యుద్ధంల తిరిగిన పాత సబ్‌మెరైన్‌ను బాగుచేసి, సముద్రం ఒడ్డున మ్యూజియం పెట్టిండ్రు. నాయిన, అమ్మ, నేను లోపటికి పోయినం. లోపటంత గిదే డీజిల్ వాసన, ఒక్క కిటికీ గూడ లేదు. ముందట మనుషులు, ఎనుక మనుషులు. తలుపులు మూసి నీళ్లలకు తీస్కపోతరనుకొని నాకు ఊపిరాడలె.

నావికులు పండుకునే ఇరుకు పడక కాడ అమ్మ ఆగింది. పరుపు మీద చెయ్యి పెట్టి, "ఎవ్వలు పిలువకుంటె నాకు గింత జాగ సాలు," అన్నది.

అమ్మ ఇగ ఈడనే ఉండిపోతదనుకున్న. కొంగు పట్టి గుంజి, "ఇంటికి పోదాం పా అమ్మా!" అని ఏడ్చిన.

"జల్దీ నడువుండ్రి, ఎనుక మంది ఆగిండ్రు," అన్నడు నాయిన.

అమ్మ చెయ్యి తీసింది. బయటికి రాంగనే నేను ఇసుకల ఉరికిన. అమ్మ నిమ్మలంగ దిగింది.

అప్పట్ల అవ్వ, చిన్నాయినోళ్లు, మేము అందరం ఒక్క ఇంట్లనే ఉండేటోళ్లం. పెద్ద ఇల్లే. అండ్ల అమ్మ తలుపేసుకొని కూసునే అర్ర ఒక్కటి లేకుండె. ఇంటికి పోవాలన్న తొందర ఆ దినం నాకొక్కదానికే ఉండెనని ఇప్పుడు తెలుస్తాంది.