నేనేం ముట్టుకోలేదు

మా వదినకు కోపం వస్తే అరవదు. అరిచేవాళ్ళంటే నాకు భయం లేదు, మా ఇంట్లో అందరం అరుస్తాం. ఆవిడ మాత్రం నోరు మూసుకుని, కొంగు నడుముకు దోపుకుని, ఎదుటివాడి వంతు వచ్చేదాకా కూర్చుంటుంది. ఈ సంగతి మా అన్నయ్యకు పెళ్ళైన కొత్తలోనే బోధపడింది. మా మేనేజరుకు బోధపడడానికి కాస్త ఆలస్యమైంది.

వదినా నేనూ పనిచేసేది కళ్ళద్దాలు అరగదీసే కార్ఖానాలో. డాక్టర్లు పంపిన కొలతలను కంప్యూటర్లో ఎక్కిస్తే, ఒక ప్రోగ్రాము వాటిని మిషన్లకు అందిస్తుంది. మిషన్లు అద్దాన్ని ఆ కొలతకు అరగదీస్తాయి. నాది ప్యాకింగు బల్ల. వదినది ఆ ప్రోగ్రామును నడిపించే పని, గాజు తలుపున్న గదిలో కుర్చీ.

అది పాత ప్రోగ్రాము. ఉన్నట్టుండి మొరాయించేది. అప్పుడు అందరూ వదిన దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. ఆవిడ కీబోర్డు మీద చెయ్యి వేసేది కాదు. ముందు ఒక్కటే అడిగేది: "కిందటిసారి నడిచాక నువ్వేం ముట్టుకున్నావు?"

కార్ఖానా మొత్తానికి ఒకే జవాబు. "నేనేం ముట్టుకోలేదు."

"దానికి నీమీద పగేం లేదుగా, ఊరికే ఆగడానికి. గుర్తుచేసుకో."

గుర్తుచేసుకుంటే ఏదో ఒకటి బయటపడేది. ఒకడు ఫోను ఛార్జింగు కోసం వైరు పీకి ఉంటాడు. ఇంకొకడు తేదీ తప్పుగా ఉందనుకుని ఇంకా తప్పుగా దిద్ది ఉంటాడు. వదిన నాలుగు తిట్టి, బాగుచేసి పంపేది. తెర మీద వచ్చిన ముక్క చివరిదాకా చదవకుండా ఓకే నొక్కేవాళ్ళ వేళ్ళు విరగ్గొట్టాలనేది. ఒప్పుకున్నవాళ్ళ మీద మాత్రం ఎప్పుడూ పెద్దాయనకు చాడీ చెప్పలేదు.

పెద్దాయనంటే మా యజమాని. ఆయనకు ఒక్కతే కూతురు. అల్లుడు ఇల్లరికం వచ్చాడు. ఇంట్లో కూర్చోబెట్టలేక అతన్ని తెచ్చి మా నెత్తిన మేనేజరుగా పెట్టాడు. ఆ మహానుభావుడికి సినిమాల పిచ్చి. కంప్యూటర్లో సినిమాలకు చోటు చాలక, పనికిరానిదనుకుని ఏదో ఒక ఫైలు తీసి పారేశాడు. అందులో మిషన్ల సర్దుబాట్లు ఉన్నాయి. ఆ రోజు అద్దాలన్నీ తప్పు కొలతకు అరిగాయి. ఎవరెవరి కళ్ళకో వెళ్ళాల్సిన అద్దాలు చెత్తబుట్టలోకి పోయాయి.

పెద్దాయన అందరినీ నిలబెట్టి అడిగాడు. వదిన ఉన్నదున్నట్టు చెప్పింది. అల్లుడు కళ్ళార్పకుండా, "నేనేం ముట్టుకోలేదు మావయ్యా, ఆ గదిలో ఉండేది ఆవిడే కదా" అన్నాడు.

"పొరపాటు ఎవరికైనా జరుగుతుందమ్మా. దాన్ని తెచ్చి అల్లుడి మీద వేస్తే ఎలా?" అన్నాడు పెద్దాయన, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకు నా ఒళ్ళు మండిపోయింది.

మర్నాటి నుంచి వదిన నా పక్కన, టేపు చుట్ట పట్టుకుని. గదిలో కుర్చీ అల్లుడికి. మా బల్ల దగ్గర కూర్చోవడం ఉండదు, పొద్దస్తమానం నిలబడాలి. సాయంత్రానికి వదిన కాళ్ళు వాచిపోయేవి. "పోనీలే, ఉద్యోగం ఉందిగా" అన్నాడు అన్నయ్య. ఆ పూట అతని కంచం అతనే కడుక్కున్నాడు.

ఆవిడ కాళ్ళకు కాపడం పెడుతూ నేనే అడిగాను. "వాడొచ్చి సారీ చెప్తే సరిపోతుందా వదినా?"

"సారీ ఎవడిక్కావాలి? నేనే ముట్టుకున్నానని అనాలి. పెద్దాయన ముందు, అందరూ వింటుండగా. ఏ నోటితో కాదన్నాడో ఆ నోటితోనే."

నెలలు గడిచాయి. అల్లుడుగారు గది తలుపుకు బోర్డు కొట్టించుకున్నాడు. గోడలకు రంగు వేయించుకున్నాడు. ఆ ఊపులో కంప్యూటర్లోనూ తన ముద్ర ఉండాలనుకున్నాడు కాబోలు, ఒక పొద్దున్న మిషన్లు ఒక్కటీ కదల్లేదు. ప్రోగ్రాము తెరుచుకోలేదు.

గాజు తలుపులోంచి తెర మాకు కనిపిస్తూనే ఉంది. వదిన టేపు అంటిస్తూ ఒక్కసారి తలెత్తి చూసింది.

"ఆ ప్రశ్నార్థకాల వరస చూశావా?" అంది నెమ్మదిగా.

"చూశాను. అంటే ఏంటి?"

"దానికి ఇంగ్లీషు అక్షరాలు తప్ప రావు. తెలుగులో ఏది రాసినా దానికి ప్రశ్నార్థకాలే. కొలతలుండే ఫోల్డరుకి తెలుగులో ఏదో పేరు పెట్టాడు. ఏం పెట్టాడో తెలుసుకోవాలని భలే ఉంది."

అని ఇంకో అట్టపెట్టె లాక్కుంది. ఆవిడ మొహంలో అంత ప్రశాంతత నేను ఎన్నడూ చూడలేదు.

లోపల అల్లుడు కంప్యూటరు ఆపి మళ్ళీ వేశాడు. ప్రోగ్రాము పీకేసి కొత్తగా ఎక్కించాడు, మళ్ళీ తీసుకెళ్ళి ఆ ఫోల్డర్లోనే ఎక్కించాడు. పాపం, ఎంత శ్రద్ధో. మిషన్ల దగ్గరివాళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారు. అరగదీత మేస్త్రీ మా దగ్గరికి వచ్చి, "తెలిస్తే చెప్పమ్మా, పనంతా ఆగిపోయింది, ఆసుపత్రివాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు" అని బతిమాలాడు.

"నాకేం తెలుసు బాబాయ్, అట్టపెట్టెలు అతికించుకునేదాన్ని" అంది వదిన.

మేస్త్రీ మొహం చూస్తే నాకు జాలేసింది. చెప్పేద్దామా అని గొణిగాను. వదిన బల్లకింద నా కాలు తొక్కింది.

మధ్యాహ్నానికి పెద్దాయన దిగాడు. అల్లుడి మీద కేకలేసి, చివరికి వదినను పిలిపించాడు. నేను ఖాళీ పెట్టె ఒకటి చంకలో పెట్టుకుని వెంట వెళ్ళాను. నా వెనక మేస్త్రీ, మేస్త్రీ వెనక మిగతావాళ్ళు.

వదిన కూర్చోలేదు. అల్లుణ్ణే అడిగింది. "కిందటిసారి నడిచాక మీరేం ముట్టుకున్నారు?"

"నేనేం ముట్టుకోలేదు."

"అయితే నాకూ తెలీదు" అని వెనక్కి తిరిగింది.

"ఆగమ్మా" అన్నాడు పెద్దాయన. తర్వాత అల్లుడి వైపు చూశాడు. ఈసారి చూపు వేరుగా ఉంది.

"పేరు మార్చానంతే" అన్నాడు అల్లుడు.

"దేని పేరు?"

"ఫోల్డరుది."

"ఏమని మార్చారో పైకి చదవండి."

అతను చదవలేదు. వదిన ఎదురుచూసింది. ఎదురుచూడడం ఆవిడకు బాగా అలవాటైన పని. చివరికి అతను తెర వైపు తిరిగి గొణిగాడు. "మేనేజరు గారు."

మేస్త్రీకి పొలమారింది. కార్ఖానాలో ఎవరూ తగిలించని గారును పాపం తనే తగిలించుకున్నాడు, అదీ చక్కని తెలుగులో. పెద్దాయన మాత్రం నవ్వలేదు.

"అంటే ఎవరు ముట్టుకున్నట్టు?" అంది వదిన.

"నేనే."

"మొత్తం చెప్పండి."

"నేనే ముట్టుకున్నాను."

"ఇది ఇవాళ్టిది. మరి ఆ రోజుది?"

అల్లుడు మావగారి వైపు చూశాడు. అక్కడ అతనికి ఏమీ దొరకలేదు. "అదీ నేనే. సినిమాలకి చోటు లేక తీసేశాను" అన్నాడు.

పెద్దాయన అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు. నాకు మాత్రం అబద్ధమెందుకు, కడుపు నిండిపోయింది.

పేరును వదిన తను మార్చలేదు. అతని చేతనే చెరిపించింది. "ముందు గారు తీయండి. ఇప్పుడు మేనేజరు. ఇప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొలతలు అని కొట్టండి. ప్రోగ్రాముకీ ఈ పేరే చూపించండి." అతను కొట్టాడు, చూపించాడు. ప్రోగ్రాము తెరుచుకుంది. బయట మిషన్లు ఒక్కొక్కటే మోత అందుకున్నాయి.

"రేపట్నించి నీ కుర్చీలో నువ్వు కూర్చోమ్మా" అన్నాడు పెద్దాయన.

"కూర్చుంటాను సార్. బల్ల దగ్గర నా చోట్లో ఎవరు నిలబడతారు?"

ఆయనకు అర్థమైంది. గొంతు తగ్గించాడు. "అల్లుడమ్మా. మా అమ్మాయి మొహం చూసి వదిలెయ్యి."

"నేను ఎవరి అల్లుణ్ణీ కాననే కదా సార్, నన్ను ఇన్నాళ్ళూ నిలబెట్టారు?"

పెద్దాయన స్టూలు మీంచి లేచాడు. అల్లుడి వైపు చూడకుండానే, "వెళ్ళి నిలబడు" అన్నాడు.