బాటరీ డబ్బాలో కుడితి తాగిన దూడతో శృంగవరపుకోట దాకా

మా అమ్మాయి పశువుల డాక్టరమ్మ. శృంగవరపుకోట దగ్గర ఆసుపత్రిలో కొత్తగా చేరింది. ఈ మాట ముందు రాయకపోతే మిగతాది రాయడానికి నాకు చెయ్యి ఆడదు. మాది నరసన్నపేట పక్క ఊరు. మా పెయ్యదూడ వారం రోజులుగా పళ్లు నూరుతూ, గోడకు తల ఆనించి నిలబడిపోయేది. కళ్లు తెరిచే ఉన్నా చూపు లేదు. ఊళ్లో సూదులు వేసే ఆయన జ్వరం తలకెక్కిందని రోజూ ఇంజెక్షన్లు వేశాడు. వేసిన కొద్దీ దూడ కుంగిపోయింది. మోతాదు పెంచుదామన్నాడు. అమ్మాయికి ఫోన్ చేస్తే, ఇంకొక్క సూది కూడా వేయించకుండా తీసుకొచ్చేయమంది.

మా బావ అప్పలనాయుడికి ట్రాలీ ఆటో ఉంది. గడ్డి మందంగా పరిచి, దూడను పడుకోబెట్టి తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాం. శ్రీకాకుళం దాటి, రణస్థలంలో ఇడ్లీకి ఆగాం. హోటలామె దూడకు నీళ్లు తెచ్చిపెట్టి, మీ కాడ డాక్టర్లు లేరా అని అడిగింది. ఉన్నారుగానీ ఈ డాక్టరమ్మ మా పిల్ల అన్నాను.

"ఇది నాలుగోసారి సెప్పడం. టోలుగేటు కాడ కూడా సెప్పినాడు" అన్నాడు బావ ఆమెతో.

రణస్థలం దాటాక హైవే వదిలి విజయనగరం వైపు తిరగాలి. అక్కడి నుంచి శృంగవరపుకోట గంట పైనే. బావ గనక బాడుగ తీసుకోలేదు, డీజిలూ తిండీ రెండున్నర వేలలో అయిపోయింది. మీరు మాత్రం రానూపోనూ బాడుగ ముందే మాట్లాడుకోండి.

పదిన్నరకు చేరాం. అమ్మాయి దూడ కళ్ల ముందు చెయ్యి ఆడించింది, రెప్ప పడలేదు. ఏ మందులు వేశారంటే నాకు తెలియదు. ఊరికి ఫోన్ చేసి కనుక్కోవడానికి అరగంట పట్టింది. ఆ తర్వాత అడిగింది.

"నాన్నా, దీనికి కుడితి దేన్లో పెడతన్నారు?"

మా వైపు పాత ట్రాక్టరు బాటరీని ఎవరూ పారేయరు. పైన కోసి, లోపల ఖాళీ చేసి, కడిగి దూడలకు కుడితి తొట్టి చేస్తారు. మాకూ బావే చేసి ఇచ్చాడు. ఆ మాటే చెప్పాను.

"మావయ్యా, అందులో ఉన్నదంతా సీసం. దీని సూపు పోయింది దానివల్లే. కడిగితే పోదు" అంది.

గట్టి డబ్బా గదమ్మా అని గొణిగి బావ తల దించుకున్నాడు.

"సీసం కాలేయాన్నీ కిడ్నీలనీ దెబ్బతీస్తాది. అప్పుడు వేసిన మందు ఒంట్లోంచి బైటికి పోదు, నిన్నటి దాని మీద ఇవాల్టిది పేరుకుంటాది. వేరే దూడకి సరిపోయే మోతాదే దీన్ని సంపేస్తాది నాన్నా."

బతుకుతాదా అన్నాను. సెప్పలేనంది. పాత మందులన్నీ ఆపేసింది. రక్తం పరీక్షకు పంపింది. కడుపులో మిగిలిన సీసం పోవడానికి విరేచనాల ఉప్పు పట్టించింది. ఒంట్లోని సీసాన్ని పట్టుకుని మూత్రంలో దింపే మందు ఒకటుందట. అదీ ఆ దెబ్బతిన్న కిడ్నీల గుండానే పోవాలి గనక, సెలైన్‌లో కలిపి కొద్దికొద్దిగా, మధ్యలో ఆపుతూ ఎక్కించింది.

బావ ఆ సాయంత్రమే వెళ్లిపోయాడు. మర్నాడు ఫోన్ చేశాడు. తాను డబ్బాలు చేసి ఇచ్చిన ఇళ్లన్నీ తిరిగి వెనక్కి అడిగి తెచ్చుకుంటున్నాడట. నేను అమ్మాయి గదిలోనే ఉండిపోయాను. పరీక్షలోనూ సీసమే తేలింది. నాలుగో రోజు పొద్దున్న అమ్మాయి చెయ్యి ఎత్తితే దూడ రెప్ప వేసింది. కాసేపటికి ఆమె పట్టుకున్న గడ్డి వైపు తనంతట తానే నడిచి వచ్చింది. నేను వెంటనే బావకి ఫోన్ కలిపాను. అమ్మాయి మాత్రం చేతులు కడుక్కుని తర్వాతి గేదె దగ్గరికి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఎవరు కనబడినా ఈ కథ చెబుతున్నాను. దూడ గురించి చెబుతున్నానని వాళ్లు అనుకుంటున్నారు, నేను చెప్పేది మా అమ్మాయి గురించి. మందు తెలియడం ఒకటి, ఆ మందు ఏ ఒంట్లోకి పోతుందో తెలియడం ఇంకొకటని మా అమ్మాయిని చూశాకే నాకు అర్థమైంది. మీరూ జబ్బు పశువుతో దూరం వెళ్లవలసి వస్తే, అంతకుముందు వాడిన మందుల ఖాళీ సీసాలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.